గోడకు ఏ పక్క నిలబడ్డావు?

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. అవెన్యూ రోడ్డులో దొరికిన పాత బెంగళూరు కోట బొమ్మ నకలు చూసి రాశానన్నావు. "కోట గోడలు కన్నీరు కార్చాయి" అన్న మొదటి వాక్యం కొట్టెయ్యి. ఏడ్చింది గోడలు కాదు.

బొమ్మ గీసినవాడు ఎక్కడ నిలబడ్డాడో ముందు చూడు. రాబర్ట్ హోమ్, టిప్పు సుల్తాన్ మీదికి దండెత్తిన ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్ సైన్యం వెంట వచ్చిన చిత్రకారుడు. 1791 మార్చి 7న పేట, అంటే కోట బయటి ఊరు, 21 రాత్రి కోట కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) వశమయ్యాయి. కోటకు అధికారి అయిన కిల్లేదారు బహదూర్ ఖాన్ ఆ పోరులోనే చనిపోయాడు. హోమ్ గీసుకున్న బొమ్మల్ని లండన్‌లో రాగిరేకుల మీద కుడిఎడమలు మార్చి చెక్కి, 1794లో పుస్తకంగా అచ్చేశారు. నువ్వు "ఎంత ప్రశాంతంగా ఉందో" అని మురిసిపోయావే, అది గెలిచినవాడి కళ్ళకు కనిపించిన ప్రశాంతత తల్లీ. నువ్వు అతని పక్కనే నిలబడి రాసేశావు.

లోపలికి రా. అక్కిపేట, బళేపేట, గాణిగరపేట: బియ్యం, గాజులు, గానుగ. పేట వీధులు ఇవాళ్టికీ ఆ పేర్లు మోస్తున్నాయి. దండు వచ్చి కూర్చున్న ఊళ్ళో నీ కథలోని గానుగవాడికి అన్నిటికంటే పెద్ద భయం ఏమిటి? ఎద్దు. ఆ ఏడు కారన్‌వాలిస్ సైన్యంలో మేత చాలక ఎద్దులు కుప్పలుగా చచ్చాయి. మే నెలలో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం నుంచి వెనుదిరిగేటప్పుడు, లాగే ఎద్దుల్లేక పెద్ద ఫిరంగుల్ని తామే పాడుచేసి వదిలేశారు. అంత కరువులో ఉన్న సైన్యానికి ఒక పేదవాడి పెరట్లో కట్టేసిన ఎద్దు ఎలా కనిపిస్తుందో ఆలోచించు. నీ కథ అక్కడుంది. ఫిరంగుల మోత రెండు వాక్యాల్లో సరిపెట్టు.

ఇంకొకటి. కోట పడిన రాత్రిని "కటిక చీకటి" అన్నావు. ఆ రాత్రి పండువెన్నెల. వెన్నెల్లో దాక్కోవడం ఎంత కష్టమో రాయి, చీకటి కంటే అదే ఎక్కువ భయపెడుతుంది.

కృష్ణరాజ మార్కెట్ దగ్గర కోట గోడకు, బ్రిటిష్ దాడి ఈ గండి గుండానే జరిగిందని చెప్పే పలక ఉంది. దాన్ని బయట నిలబడి చదువుతాం. చదివాక ఢిల్లీ గేటులోంచి లోపలికి వెళ్ళి, గోడ వైపు తిరిగి కాసేపు నిలబడు. ఇంటికొచ్చి ఎద్దుతో మొదలుపెట్టు. పాత ప్రతి మాత్రం చింపకు, గానుగవాడి పెళ్ళాం మాటలు అందులో బాగా కుదిరాయి.

ఇట్లు,
నీ మాష్టారు
మల్లేశ్వరం, బెంగళూరు