ఓడిపోతున్న కాలేజీ బేస్‌బాల్ జట్టులో మా అబ్బాయిని చేర్చవచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటాం. మా అబ్బాయి ఈ ఏడాది హైస్కూల్ సీనియర్. కుడిచేతి పిచర్ (బంతి విసిరేవాడు). కంప్యూటర్ సైన్స్ చదవాలని ఉంది. ఒహాయోలో ఒక చిన్న ప్రైవేట్ కాలేజీ నుంచి బేస్‌బాల్ కోచ్ ఫోన్ చేసి తమ జట్టులోకి రమ్మంటున్నారు. డివిజన్ 3 (కాలేజీ ఆటల్లో మూడో శ్రేణి) కాలేజీ, చదువు బాగుంటుందని పేరు. జట్టు మాత్రం పోయిన సీజన్‌లో 40 ఆటలాడి 8 గెలిచింది. కొత్త కోచ్ వచ్చి ఏడాదైంది, రెండేళ్లలో జట్టుని పైకి తెస్తామంటున్నారు. అది జరిగే పనేనా? నాకు క్రికెట్ తెలిసినంతగా బేస్‌బాల్ తెలీదు. ఏం చూసి నిర్ణయించుకోవాలి? (ఒక తండ్రి)

జవాబు: నమస్కారమండీ. జరిగే పనే. ఇంతగా ఓడే జట్లు చాలావరకు అవతలివాళ్లు గొప్పగా కొట్టడం వల్ల ఓడవు. ఊరికే ఇచ్చేసే బేస్‌ల (పరుగు కోసం ఒక్కొక్కటిగా చేరాల్సిన స్థానాల) వల్ల ఓడతాయి. అన్నింటికన్నా త్వరగా, తక్కువ ఖర్చుతో సరిచేయగలిగిన లోపం కూడా అదే. కాబట్టి ఆ కోచ్ దీనిమీద పనిచేస్తున్నారా లేదా అన్నదే మీరు తేల్చుకోవాలి. అందులో సగం ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో చూసే తెలుసుకోవచ్చు.

ముందు రెండు నిజమైన ఉదాహరణలు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ జట్టు వరుసగా 228 ఆటలు ఓడింది. 2003 తర్వాత మళ్లీ గెలుపు చూసింది 2013 ఫిబ్రవరి 2న, పసిఫికా జట్టు మీద 9-7తో. ఆటగాళ్ల కోసం అడ్మిషన్ ప్రమాణాలు తగ్గించని చోట ఎంత కాలం పట్టవచ్చో దాన్నిబట్టి తెలుస్తుంది. రెండోది టెనెసీలోని వాండర్‌బిల్ట్. 1980 తర్వాత ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల జాతీయ సంఘం) టోర్నమెంట్ ముఖం చూడని ఆ జట్టుకి 2002లో టిమ్ కార్బిన్ కోచ్‌గా వచ్చారు. 2004లోనే టోర్నమెంట్‌కి చేరింది, 2014లోనూ 2019లోనూ జాతీయ విజేత అయింది. కానీ అది డివిజన్ 1. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్పులుంటాయి, డివిజన్ 3లో ఉండవు. మీరు మాట్లాడుతున్న కాలేజీ ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది.

ఇక లెక్క. కాలేజీ అథ్లెటిక్స్ వెబ్‌సైట్‌లో ప్రతి ఆటకీ బాక్స్ స్కోర్ (ఆ ఆట అంకెల పట్టిక) ఉంటుంది. పోయిన సీజన్ చివరి 15 ఆటలు తెరవండి. ఒక్కో ఆటలో ఈ జట్టు అవతలివాళ్లకి ఊరికే ఇచ్చినవి కూడండి: బీబీ అంటే వాక్‌లు, హెచ్‌బీపీ అంటే బంతి బ్యాటర్‌కి తగలడం, డబ్ల్యూపీ అంటే క్యాచర్‌కి (మన వికెట్ కీపర్ లాంటివాడికి) అందకుండా విసిరిన వైల్డ్ పిచ్‌లు, పీబీ అంటే క్యాచర్ వదిలేసినవి, E అక్షరం అంటే ఫీల్డింగ్ తప్పులు, అంటే ఎర్రర్లు. క్రికెట్‌లో వైడ్ వేస్తే ఒక పరుగుతో పోతుంది. ఇక్కడ నాలుగు బాల్స్ (సరైన పరిధి బయటపడి, బ్యాటర్ కొట్టబోని బంతులు) వేస్తే అది వాక్, ఒక మనిషి బేస్ మీదికి వచ్చి నిలబడతాడు, వెనక వచ్చేవాళ్లు కొట్టే ప్రతి దెబ్బకీ ముందుకు జరుగుతాడు.

11-4తో ఓడిన ఒక ఆట ఉందనుకుందాం. 8 వాక్‌లు, 2 తగిలినవి, 3 వైల్డ్ పిచ్‌లు, 3 ఎర్రర్లు. మొత్తం 16. అదే ఆటలో అవతలివాళ్ల హిట్లు (బంతి కొట్టి బేస్ చేరినవి) 9 మాత్రమే. అంటే ఆ జట్టు బ్యాటర్లు సంపాదించుకున్న దానికంటే వీళ్లు ఇచ్చిందే ఎక్కువ. 15 ఆటల్లో పదింటికి ఇలాగే వస్తే జబ్బు ఎక్కడుందో దొరికినట్టే. 9 ఇన్నింగ్స్‌కి వాక్‌లు, తగిలినవి కలిపి నాలుగైదు ఉంటే ఆ పిచింగ్‌ని బాగుందనవచ్చు. ఏడు దాటితే ఎంత బాగా బ్యాటింగ్ చేసినా నిలబడలేరు.

ఆ తర్వాత ఇన్నింగ్స్‌వారీగా చూడండి. ప్రత్యర్థి ఒకే ఇన్నింగ్స్‌లో 4 పరుగులు, అంతకుమించి చేసినవి ఎన్ని? అవి ఎలా మొదలయ్యాయి? చాలాసార్లు మొదటి బ్యాటర్‌కి ఇచ్చిన వాక్‌తోనే మొదలవుతాయి. మేజర్ లీగ్‌లో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) 2010 నుంచి 2015 దాకా లెక్కగడితే, ఎవరూ అవుట్ కాకుండా బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఇన్నింగ్స్‌లో సగటున 0.48 పరుగులు వచ్చాయి. మొదటి బేస్ మీద ఒకడుంటే 0.86. ఒక్క వాక్‌తో దాదాపు రెట్టింపు. కాలేజీలో, ముఖ్యంగా ఫీల్డింగ్ బలహీనంగా ఉన్నచోట, నష్టం ఇంకా ఎక్కువే ఉంటుంది.

మరి దీన్నెలా సరిచేస్తారు? "స్ట్రైక్ వెయ్యరా" (అంటే సరైన పరిధిలో పడే బంతి వెయ్యమని) జట్టు కూర్చునే డగౌట్‌లోంచి అరవడం వల్ల కాదు. అలా అరిస్తే కుర్రాడు చెయ్యి నెమ్మది చేసి బంతిని గురిపెట్టి వదులుతాడు. వేగం పోతుంది, బంతి తిరగదు, దెబ్బ తింటాడు. మళ్లీ భయపడి అంచుల మీదికి వేస్తాడు, మళ్లీ వాక్. ఈ చక్రాన్ని సాధనలోనే తెంచాలి. తెలిసిన కోచ్ బుల్‌పెన్‌లో (పిచర్లు సాధన చేసే చోట) 25 బంతులు ఊరికే వేయించడు. ఊహాత్మక బ్యాటర్లను పెట్టి, కౌంట్ (ఎన్ని బాల్స్, ఎన్ని స్ట్రైక్‌లు అన్నది) చెబుతూ, ప్రతి బ్యాటర్‌కీ మొదటి మూడు బంతుల్లో రెండు స్ట్రైక్‌లు పడ్డాయా అని రాయిస్తాడు. మొత్తంలో 60 శాతం, అంటే 25కి 15 స్ట్రైక్‌లు కనీసం. మొదటి బంతికి క్యాచర్ గ్లౌవ్‌ని ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలమీదుండే పలక) అంచున కాకుండా నడిమధ్యన పెడతాడు. కాలేజీ కుర్రాడు మధ్యకి గురిపెట్టినా బంతి ఎటూ అటో ఇటో పోతుంది. అంచుకి గురిపెడితే బయటే పడుతుంది. దీనికి బంతిని కొలిచే ఖరీదైన ర్యాప్సోడో, ట్రాక్‌మ్యాన్ యంత్రాలేమీ అక్కర్లేదు, ఒక అట్ట, ఒక పెన్సిల్ చాలు. మీ వాడు క్యాంపస్‌కి వెళ్లినప్పుడు ఆ కాగితాలు చూపించమని అడగవచ్చు. రాస్తున్న కోచ్ సంతోషంగా చూపిస్తారు. లేకపోతే మాట మార్చి వేగం గురించి, కొత్త యూనిఫాంల గురించి చెప్తారు.

ఇంకో సంగతి, ఎంతమంది పిచర్లు పనికొస్తారన్నది. వారాంతంలో మూడు ఆటలుంటాయి, ఒక్కోసారి శనివారం ఒక్కరోజే రెండు. మూడు ఆటలకి 27 ఇన్నింగ్స్. ఇన్నింగ్స్‌కి 16 బంతులనుకున్నా 430 బంతులు. ముగ్గురు స్టార్టర్లు (ఆట మొదలుపెట్టే పిచర్లు) తలా 90 వేస్తే 270. మిగతా 160 ఎవరు వేస్తారు? బలహీన జట్టులో ఒకరిద్దరే ఉంటారు. శుక్రవారం 4-3తో పోరాడి ఆదివారం 15-2తో ఓడేది అందుకే. స్ట్రైక్‌లు వేసేవాళ్లు ఎనిమిది, పది మంది తయారైతేగాని జట్టు లేవదు. గంటకి 88 మైళ్లతో విసిరి సగం బాల్స్ వేసేవాడికంటే 81తో మూడింట రెండు స్ట్రైక్‌లు వేసేవాడు ఆ స్థాయిలో ఎక్కువ ఆటలు గెలిపిస్తాడు. మీ వాడు రెండో రకమైతే మొదటి ఏడాదే ఆడే అవకాశం ఉంటుంది. ఓడిపోతున్న జట్టులో చేరడం వల్ల ఉన్న పెద్ద లాభం అదే.

కానీ అక్కడే ప్రమాదం కూడా ఉంది, తండ్రిగా మీరు అన్నిటికంటే గట్టిగా పట్టించుకోవాల్సింది దీన్నే. పిచర్లు తక్కువైనచోట బాగా వేసేవాడి చేతిని అరగదీస్తారు. ఒక ఆటలో పిచర్ ఇన్ని బంతులే వేయాలన్న పరిమితి ఎన్‌సీఏఏలో లేదు, అంతా కోచ్ ఇష్టం. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం ఈ వయసువాళ్లు 80 బంతులు దాటితే కనీసం 4 రోజులు విశ్రాంతి తీసుకోవాలి. బాక్స్ స్కోర్‌లో పిచర్ పేరు పక్కన ఎన్ని బంతులు వేశాడో చాలాచోట్ల ఉంటుంది. ఆ జట్టులో అందరికంటే ఎక్కువ వేసిన ఇద్దరిని తీసుకుని, తేదీలు పక్కపక్కన రాసి చూడండి. శుక్రవారం 95 వేసినవాణ్ణి ఆదివారం మళ్లీ దింపినట్టు రెండు మూడుసార్లు కనిపిస్తే, ఆ కోచ్ ఎంత తియ్యగా మాట్లాడినా వద్దనండి.

ఒహాయో చలి సంగతి కూడా తెలుసుకోండి. శీతాకాలమంతా వాళ్లు జిమ్‌లో చెక్క మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీద విసురుతారు, సీజన్ ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో మొదలవుతుంది. మధ్యలో డిసెంబర్ సెలవులకి పిల్లలు ఇళ్లకి పోతారు. చాలా జట్లు ఇక్కడే దెబ్బతింటాయి. శీతాకాలపు విసురుడు ప్రణాళిక చేతికివ్వరు, కుర్రాడు నెల రోజులు బంతి ముట్టుకోడు, జనవరిలో వచ్చి రెండు వారాల్లో పూర్తి వేగంతో విసురుతాడు, మోచేయి పట్టేస్తుంది. సరైన పద్ధతిలో అయితే శరదృతువు సాధన అయ్యాక కొన్ని వారాలు పూర్తి విశ్రాంతి, తర్వాత తేలిక విసురుళ్లు, ఆపైన మౌండ్ మీద వారానికి పదేసి పెంచుతూ 15, 25, 35 అలా 65 దాకా. మొదటి ఆటలో వేయించేది ఆఖరి బుల్‌పెన్‌లో వేసినదానికి దగ్గరగానే ఉండాలి. పోయిన డిసెంబర్‌లో పిచర్లకిచ్చిన కాగితం చూపించమని కోచ్‌ని అడగండి. మౌండ్‌లు ఎన్నో కూడా అడగండి. 18 మంది పిచర్లకి రెండే మౌండ్‌లుంటే, ఒక్కొక్కరికి పది నిమిషాలు వేసుకున్నా గంటన్నర అయిపోతుంది.

బేస్ దొంగతనాలు (పిచర్ విసురుతుండగా రన్నర్ తర్వాతి బేస్‌కి పరుగెత్తడం) కూడా ఒకసారి చూడండి. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. మంచి రన్నర్ రెండో బేస్‌కి దాదాపు 3.4 సెకన్లలో చేరతాడు. పిచర్ కదలిక మొదలైనప్పటినుంచి బంతి క్యాచర్‌కి చేరడానికి 1.3, క్యాచర్ రెండో బేస్‌కి విసరడానికి 2.0 పడితే పోటీ ఉంటుంది. పిచర్ కాలు బాగా ఎత్తి 1.6 తీసుకుంటే ఏ క్యాచరూ కాపాడలేడు. జనం క్యాచర్‌ని తిడతారు కానీ తప్పు చాలావరకు పిచర్‌ది. మీ వాడి సమయం ఫోన్ స్టాప్‌వాచ్‌తో ఇప్పుడే కొలవండి. 1.5 దాటుతుంటే ఈ చలికాలంలోనే దిద్దుకోవచ్చు.

బ్యాటింగ్ గురించి ఒక్క మాట. ఓడే జట్లు కంగారుతో మొదటి ఇన్నింగ్స్ నుంచే త్యాగపు బంట్లు (బంతిని మెల్లగా తాకించి, తాను అవుటై రన్నర్‌ని ముందుకు పంపడం) వేస్తాయి. ఇందాకటి లెక్కలోనే మొదటి బేస్ మీద ఒకడు, అవుట్లు లేనప్పుడు 0.86. బంట్ వేసి ఒక అవుట్ ఇచ్చి వాణ్ణి రెండో బేస్‌కి పంపితే 0.66. చివర్లో ఒక్క పరుగు కావాలంటే సరే, మొదట్లో అది నష్టం.

ఇప్పుడు జట్టు నిలుస్తుందో లేదో చెప్పే లెక్క. నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. వెబ్‌సైట్‌లో గత మూడు నాలుగేళ్ల రోస్టర్లు (ఆటగాళ్ల జాబితాలు) ఉంటాయి. మూడేళ్ల కిందట ఫ్రెష్‌మెన్‌గా (మొదటి ఏడాదిలో) ఉన్నవాళ్ల పేర్లు రాసుకుని, వాళ్లలో ఎందరు ఇప్పటికీ ఉన్నారో చూడండి. 16 మందిలో 10 మంది మిగిలితే బాగున్నట్టు. 4 మిగిలితే కారణం అడిగి తీరాలి. విద్యార్థుల సంఖ్య పెంచుకోడానికి రోస్టర్ నింపే చిన్న కాలేజీలు ఉన్నాయి. యాభై అరవై మందిని చేర్చుకుంటారు, మైదానంలో నిలబడేది తొమ్మిదిమంది, మిగతావాళ్లు ఫీజు కట్టి బెంచీ మీద కూర్చుని రెండో ఏడాదికి మానేస్తారు. పాత కోచ్ కాలంలో మానేసినవాళ్లని కొత్త కోచ్ లెక్కలో వేయకండి, ఆయన వచ్చాక వెళ్లినవాళ్లనే చూడండి. ఒకేసారి పాతవాళ్లని పంపేసి ఇరవై మంది కొత్తవాళ్లని తెస్తున్నా అనుమానించండి. అలా కట్టిన జట్టు నాలుగేళ్లకి అంతా ఒకేసారి ఖాళీ అవుతుంది. పిచింగ్ కోచ్ పూర్తికాల ఉద్యోగా, పార్ట్ టైమా అన్నదీ అడగండి. ఏటా మారేవాడైతే పైన చెప్పిన పనులేవీ సాగవు.

చదువు వైపు: మధ్యాహ్నం ల్యాబ్‌లు సాధన వేళకి అడ్డొస్తే ఏం చేస్తారని కోచ్‌ని కాదు, ఆ జట్టులోనే కంప్యూటర్ సైన్స్ చదువుతున్న జూనియర్‌ని (మూడో ఏడాదివాణ్ణి) అడిగించండి. మీ వాడు పైథాన్‌లో ప్రోగ్రాములు రాయగలిగితే ఇలాంటి జట్టుకి లెక్కలు చూసిపెట్టేవాళ్లు కరువు కాబట్టి ఆ పని కూడా చేతికొస్తుంది, రెజ్యూమెలో రాసుకోదగ్గదే.

చివరగా డబ్బు, గడువులు. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ లేదు కాబట్టి కోచ్ "మేం చూసుకుంటాం" అన్నది ఆర్థిక సాయం కింద లెక్కకి రాదు. ప్రీ-రీడ్ చేయించమనండి. అంటే మీ వాడి మార్కుల్ని అడ్మిషన్స్ వాళ్లు, మీ ఆదాయ వివరాల్ని ఫైనాన్షియల్ ఎయిడ్ వాళ్లు ముందే చూసి ఒక అంచనా చెప్తారు. కాలేజీ వెబ్‌సైట్‌లోని నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో మీ అంకెలు మీరూ వేసి చూడండి. కోచ్ ఎర్లీ డెసిషన్‌లో అప్లై చేయమని ఒత్తిడి చేయవచ్చు. దాని గడువు చాలా కాలేజీల్లో నవంబర్ మొదట్లో. అందులో సీటొస్తే చేరి తీరాలి, వేరేచోట ఎయిడ్ పోల్చుకునే వీలుండదు. ప్రీ-రీడ్ అంకె కాగితం మీద వచ్చేవరకు ఎర్లీ డెసిషన్ ఒప్పందం మీద మీరు సంతకం పెట్టకండి. అంకె మీకు కుదిరి, రోస్టర్ లెక్క, బంతుల లెక్క రెండూ బాగుంటే, గెలిచిన ఆటలు ఎనిమిదే అయినా అప్లై చేయించండి.