మా వాడికి యుద్ధ విమానాల పిచ్చి, ఏరోనాటికల్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఏ నోట్సు తెరిచినా రెండో ప్రపంచ యుద్ధం నాటి ప్రయోగాత్మక ఫైటర్ విమానాల బొమ్మలే. ఏరోనాటికల్ తప్ప ఇంకేదీ చదవనంటాడు, వాళ్ల నాన్నేమో సీఎస్‌ఈ అంటారు. రోజూ గొడవే. ఒక పేజీ ఫొటో తీసి పంపుతున్నాను, చూడండి. (ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: అమ్మా, ముందు ఆ నోట్సు దాచెయ్యకండి. మీరు పంపిన పేజీలో ఉన్నది జర్మనీ వాళ్ల డోర్నియర్ 335, ముక్కున ఒక ప్రొపెల్లర్, తోకన ఇంకొకటి, 1943లో మొదటిసారి ఎగిరింది. ఈ వయసు పిల్లలు ఫైటర్ గీస్తే రెక్కలూ తుపాకులూ గీస్తారు. మీవాడు మాత్రం తోక దాకా వెళ్లే పొడుగాటి షాఫ్టు, వెనక ఇంజిన్ రేడియేటర్‌కి గాలి తీసుకునే నోరు శ్రద్ధగా గీశాడు. వాడి మనసు విమానం మీద కన్నా ఇంజిన్ మీద ఉందని నాకు అనిపిస్తోంది, అదే నిజమైతే కోర్సు ఎంపిక మారిపోతుంది.

కాస్త ఓపిగ్గా వినండి. ఆ కాలపు పిస్టన్ ఇంజిన్లు ముఖ్యంగా రెండు రకాలు. బైకు ఇంజిన్‌లా గాలికి చల్లబడేవి, సిలిండర్లు గుండ్రంగా చుట్టూ అమర్చినవి రేడియల్. కారులోలా కూలెంటూ రేడియేటరూ ఉండేవి రెండో రకం, బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌లోని మెర్లిన్ ఇంజిన్ అలాంటిదే, 12 సిలిండర్లు, 27 లీటర్లు. దీంతో విమానం ముక్కు సన్నగా చేసుకోవచ్చు, కానీ రేడియేటర్‌కి ఒక్క తూటా తగిలినా కూలెంట్ కారిపోయి కాసేపటికి ఇంజిన్ సీజ్ అవుతుంది. రేడియల్‌కి ఆ బాధ లేదు. జెట్‌లో అసలు పిస్టనే ఉండదు, గాలిని పీల్చి, నొక్కి, ఇంధనంతో మండించి వెనక్కి చిమ్ముతుంది, ఆ వేడి వాయువే దారిలో టర్బైన్‌ని తిప్పుతుంది, టర్బైన్ ముందున్న కంప్రెసర్‌ని తిప్పుతుంది.

మెసర్‌ష్మిట్ 262 అనే జెట్ ఫైటర్ సంగతి మీవాణ్ణే అడగండి, గంట చెప్తాడు. 1941లో విమానం బాడీ తయారైంది గానీ జెట్ ఇంజిన్లు రాలేదు, ముక్కులో మామూలు పిస్టన్ ఇంజిన్ పెట్టి ఎగరేశారు. 1942 మార్చి 25న రెండు జెట్ ఇంజిన్లు బిగించి, అదృష్టం కొద్దీ ఆ పిస్టన్ ఇంజిన్‌ని కూడా ఉంచేశారు, ఎందుకంటే నేల వదిలిన కాసేపటికే జెట్లు రెండూ ఆగిపోయాయి. పైలట్ ఫ్రిట్జ్ వెండెల్ ఆ పాత ఇంజిన్‌తోనే తిప్పుకుని వచ్చి దిగాడు. తర్వాత యూమో 004 ఇంజిన్లు వచ్చాయి, పనిచేశాయి, కానీ నికెల్, క్రోమియం కొరత వల్ల వేడికి తట్టుకునే లోహం దొరక్క వాటి ఆయుష్షు సుమారు 10 నుంచి 25 గంటలే.

అంటే చిక్కంతా లోహం దగ్గర. మన దేశంలోనూ అంతే, తేజస్ మనమే చేసుకున్నాం, దాని ఇంజిన్ మాత్రం అమెరికా జీఈ వాళ్లది, తేజస్ కోసమని మన దేశంలో మొదలుపెట్టిన కావేరీ ఇంజిన్ దానికి అమరలేదు. జెట్ టర్బైన్ బ్లేడ్ల లోహాల మీద పనిచేసే రక్షణ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, సూపర్ అల్లాయ్‌లు, అంటే బాగా వేడిని తట్టుకునే మిశ్రమ లోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ మిధాని రెండూ మన హైదరాబాద్‌లోనే ఉన్నాయని వాడికి తెలుసో లేదో, చెప్పండి.

అందుకే నా మాట ఇది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే మద్రాస్, బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో ఏరోస్పేస్, లేదా తిరువనంతపురం ఐఐఎస్‌టీ, కళ్లు మూసుకుని చేర్పించండి. రాకపోతే బోర్డు మీద ఏరోనాటికల్ అని ఉందని ఏదో ఒక కాలేజీలో మాత్రం వద్దు, నాలుగేళ్లలో ఒక్క ఇంజిన్ కూడా విప్పి చూడకుండా డిగ్రీ తెచ్చుకున్న పిల్లలు నా ముందు కూర్చుని ఏడ్చారమ్మా. దానికన్నా వరంగల్ ఎన్‌ఐటీ లాంటి చోట మెకానికల్ గానీ మెటలర్జీ గానీ వెయ్యి రెట్లు నయం, తర్వాత గేట్ రాసి ఎంటెక్ ప్రొపల్షన్‌కి, అంటే విమాన ఇంజిన్ల చదువుకి వెళ్లొచ్చు. మీవారి భయం న్యాయమైనదే, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉద్యోగాలు ఇందులో లేవు, చేతికి అందడానికి టైమ్ కూడా పడుతుంది. కానీ మెకానికల్ చదివినవాడికి వేరే దారులూ తెరిచే ఉంటాయని ఆయనకు చెప్పండి.

ఇంకో దారి ఏఎంఈ, అంటే విమానాల మెయింటెనెన్స్ లైసెన్సు. ఇది డిజైన్ పని కాదు, రెంచీ పట్టుకుని చేసే పని. ఇక్కడ లైసెన్సే ఇంజిన్ రకాన్ని బట్టి ఉంటుంది, టర్బైన్ విమానాలకి బి1.1, పిస్టన్ వాటికి బి1.2. దీనికి వెళ్తే ఫీజు కట్టకముందే ఆ సంస్థకి డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి ఉందో లేదో, ఏ కేటగిరీకి ఉందో డీజీసీఏ వెబ్‌సైట్‌లో మీరే స్వయంగా చూసుకోండి, ఏజెంటు చూపించే కాగితం నమ్మకండి.