బెంగళూరు నింజా 8.5 లక్షలకు వస్తోంది, కొనమంటారా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు చేతికి 1,35,000 వస్తుంది. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. ఇంటి లోన్ ఈఎంఐ 42,000, ఇంటి ఖర్చు 45,000, ఊళ్లో అమ్మానాన్నలకు 10,000, సిప్‌లు (నెలనెలా ఫండ్లలో వేసేవి) 20,000 పోగా 18,000 మిగులుతుంది. అత్యవసరాలకని లిక్విడ్ ఫండ్‌లో 3.2 లక్షలు, ఈక్విటీ ఫండ్లలో 9 లక్షలు ఉన్నాయి. ఏప్రిల్‌లో 2.5 లక్షల దాకా బోనస్ వస్తుంది. ఇన్సూరెన్స్ అంటే ఆఫీసు వాళ్లు ఇచ్చిందే. బెంగళూరులో నా ఫ్రెండ్‌కి తెలిసినాయన తన 2021 మోడల్ కవాసాకి నింజా 1000ఎస్‌ఎక్స్ బైక్ అమ్ముతున్నారు. 18,000 కి.మీ. తిరిగింది. 8.5 లక్షలు చెప్పారు. పాలసీలో ఐడీవీ (బండి పోతే ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కగట్టే విలువ) 5.6 లక్షలు ఉంది. నా ఇంటర్‌సెప్టర్ 650 బైక్ అమ్మితే 2 లక్షలు వస్తాయి. ఫండ్ల నుంచి 2 లక్షలు తీసి, మిగతా 4.5 లక్షలకు పర్సనల్ లోన్ (14 శాతం, మూడేళ్లు) తీసుకుందామని ఆలోచన. 20,000 టోకెన్ ఇచ్చేశాను, ఆదివారం లోపు ఖాయం చేయాలి. కాలేజీ రోజుల నుంచీ ఈ బండి మీదే మనసు. ఏం చేయమంటారు?

జవాబు: గడువు దగ్గర్లో ఉంది కాబట్టి ముందు విషయం చెప్పేస్తాను. ఈ బండి కొనకండి. మీ కోరిక తప్పని కాదు. 1043 సీసీ, నాలుగు సిలిండర్లు, 142 పీఎస్, 19 లీటర్ల ట్యాంకు. వెనక భార్యను కూర్చోబెట్టుకుని, పక్కన బ్యాగులు తగిలించుకుని హంపీ దాకా హాయిగా వెళ్లిరాగల బండి అది. పదేళ్లుగా దాన్నే తలుచుకుంటున్న మనిషికి ఖర్చు గురించి క్లాసు పీకడం నా పని కాదు. కొనండి, కానీ రెండేళ్ల తర్వాత, అప్పు లేకుండా కొనండి. ఎందుకో లెక్కతో సహా చెబుతాను.

మీ ఉత్తరంలో బండి ధర 8.5 లక్షలని రాశారు. అది అమ్మే ఆయన చేతికిచ్చే డబ్బు మాత్రమే. కర్ణాటక రిజిస్ట్రేషన్ బండి కాబట్టి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. మీరు ఎంతకు కొన్నారన్నది ట్యాక్స్‌కి లెక్క కాదు, బండి అసలు ధర, వయసు చూస్తారు. ఈ ధర బండికి లక్ష పైచిలుకు పక్కన పెట్టుకోవాలని నా అంచనా, 1,10,000 అనుకుందాం. కర్ణాటకలో మిగిలిన కాలానికి పన్ను వాపసు అడగొచ్చు గానీ, అది ఎప్పుడు చేతికొస్తుందో నమ్మకం లేని డబ్బు, లెక్కలో కలపకండి. ఎన్‌ఓసీ తిరుగుళ్లు, ట్రక్కు మీద బండి తెప్పించడం కలిపి 20,000. కొన్న వెంటనే ఒక పూర్తి సర్వీసు, రెండు టైర్లు కలిపి 65,000. ఇన్సూరెన్స్ 22,000. మొత్తం 10,67,000. అంటే మీరు అనుకున్న దానికన్నా 2 లక్షల పైన ఎక్కువ. ఆ 2 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారో మీ ప్లానులో లేదు. క్రెడిట్ కార్డు మీద పడుతుందని నా భయం.

ఏడాది పాటు నంబర్ ప్లేట్ మార్చకుండా నడపొచ్చు కదా అని మీ ఫ్రెండ్స్ చెబుతారు. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబర్ తీసుకోవాలన్నది చట్టం. కానీ ఆ 12 నెలల సంగతి పక్కన పెట్టినా, ఆర్‌సీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉన్న బండికి లక్షలు పోసి నడపడం మీలాంటి ఇల్లూ వాకిలీ ఉన్న మనిషి చేయాల్సిన పని కాదు.

ఇక నెలవారీ ఖర్చు. లోన్ ఈఎంఐ 15,380. ఏడాదికి 6,000 కి.మీ. తిరిగితే లీటరుకు 17 కి.మీ. చొప్పున పెట్రోలు 38,000, ఇన్సూరెన్స్ 22,000, సర్వీసు 18,000, టైర్ల అరుగుదల 25,000, చైన్, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ లాంటివి 12,000. మొత్తం 1,15,000, నెలకు 9,500 పైనే. ఈఎంఐతో కలిపితే 25,000 దగ్గర. మీకు మిగిలేది 18,000. తేడా 7,000 దేనికి కోత పెడుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సిప్ ఆగుతుంది. ఈ నెలకు ఆపుదాం, బోనస్ రాగానే మొదలుపెడదాం అని ఆగిన సిప్‌లు మళ్లీ మొదలవడం నేను చాలా తక్కువ చూశాను.

టైర్ల దగ్గర కొత్తవాళ్లు ఎక్కువ దెబ్బ తింటారు. ఈ బండికి వెనక 190 సైజు టైరు. మామూలు బైక్ టైరులా 30 వేల కి.మీ. రాదు. టూరింగ్ టైరు వేసినా 10 వేలు, జాగ్రత్తగా నడిపితే ఇంకొంచెం. రెండూ కలిపి 40 వేల పైమాటే.

ఇన్సూరెన్స్ సంగతి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నాకు మాత్రం అన్నిటికన్నా పెద్ద టెన్షన్ అక్కడే. ఐడీవీ 5.6 లక్షలన్నారు. బండి వయసు నాలుగు దాటి అయిదేళ్ల లోపుంటే తరుగుదల 50 శాతం లెక్కేస్తారు, ఆ లెక్క ప్రకారం అది సరైనదే. కానీ మీరు ఇచ్చేది 8.5 లక్షలు. రేపు బండి పోయినా, యాక్సిడెంట్‌లో బాగుచేయడానికి పనికిరాకుండా పోయినా కంపెనీ ఇచ్చేది ఐడీవీ వరకే. దాదాపు 2.9 లక్షలు గాలికి పోతాయి, లోన్ ఈఎంఐ మాత్రం మూడేళ్లూ వస్తూనే ఉంటుంది. అయిదేళ్లు దాటిన బండికి ఐడీవీని కంపెనీ, మీరు మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు. ఎప్పుడు కొన్నా ఈ మాట ముందే అడిగి, వాళ్లు ఒప్పుకునేంత పై అంకె పెట్టించుకోండి. ప్రీమియం కొంచెం పెరిగినా సరే.

ప్రీమియం దగ్గర కక్కుర్తి పడిన ఒకాయన కథ చెప్పాలి. నా దగ్గరికి వచ్చే క్లయింటే. ఆయనదీ ఇలాంటి పెద్ద బండే, సెకండ్ హ్యాండ్. 350 సీసీ పైన బైకులకు థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే) ప్రీమియం ఏడాదికి 2,804 రూపాయలే కదా, నేనెలాగూ నెమ్మదిగానే నడుపుతాను అని అది ఒక్కటే కట్టారు. ఒక రోజు పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద, గేటు తీయడం కోసం ఆగారు. బండి వేగం సున్నా. కాలు కింద ఇసుక జారింది. 235 కిలోల బండి కుడివైపుకు ఒరిగింది. ఆపలేకపోయారు. ఫెయిరింగ్ (బండి ముందు, పక్కల ఉండే తొడుగు) పగిలింది, అద్దం, బ్రేక్ లీవర్, ఇంజిన్ కవర్ పోయాయి. బిల్లు 68,000. పార్టులు రావడానికి నెలన్నర. సొంత డ్యామేజీకి పాలసీ లేదు కాబట్టి మొత్తం జేబులోంచే. వేగంగా నడపనివాళ్లకూ ఇది జరుగుతుంది. ఇంకో సంగతి, ఆర్‌సీ మీ పేరు మీదకు మారాక 14 రోజుల్లో పాలసీ కూడా మార్పించుకోవాలి. మరచిపోతే సొంత డ్యామేజీ క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది ఆయనతోనే వెళ్తుంది.

ఇప్పుడు బండి పక్కన పెట్టి మీ గురించి. మీకు సొంత టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే ఇన్సూరెన్స్) లేదు. ఇంటి లోన్ ఉంది, పాప చిన్నది, ఊళ్లో అమ్మానాన్నలు మీ మీదే ఆధారం. ఆఫీసు ఇచ్చిన కవర్ ఉద్యోగం మారిన రోజే పోతుంది. 142 పీఎస్ బండి ఎక్కాలనుకునే మనిషికి ఇది ముందు ఉండాలి. 1.5 కోట్ల టర్మ్ పాలసీ, కుటుంబం మొత్తానికి విడిగా ఒక హెల్త్ పాలసీ తీసుకోండి. వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు కాబట్టి ఇప్పుడు మరీ వాయిదా వేయాల్సిన పని లేదు. రెండింటికీ కలిపి నెలకు 3,500 పక్కన పెట్టండి. రేస్ ట్రాక్ మీద నడిపే ఆలోచన ఉంటే ప్రపోజల్ ఫారంలో దాచకుండా రాయండి.

తర్వాత ఏప్రిల్ బోనస్. మీ ఇంట్లో ఆగకూడని ఖర్చు నెలకు 97,000. ఆరు నెలలకు 5.8 లక్షలు కావాలి. ఉన్నది 3.2. ఈ బోనస్ మొత్తం అక్కడికే వెళ్లాలి. బాధగానే ఉంటుంది, తెలుసు.

అప్పటి నుంచి, పాలసీల 3,500 పోగా నెలకు 14,500 మిగులుతుంది. దాన్ని బండి పేరుతోనే విడిగా ఒక ఆర్‌డీలో (రికరింగ్ డిపాజిట్) వేయండి. రెండేళ్లకు వడ్డీ కాకుండా 3,48,000. వచ్చే ఏడాది బోనస్ 2.5 లక్షలు. ఇంటర్‌సెప్టర్‌కు అప్పటికి 1.7 లక్షలు వచ్చినా మొత్తం 7,68,000. ఇందులో బండికి 6,75,000 దాటకండి, మిగతాది మొదటి ఏడాది టైర్లకు, ఇన్సూరెన్స్‌కు. ఫండ్లలో ఉన్న 9 లక్షలు ముట్టుకోవద్దు. లాభం ఏడాదికి 1.25 లక్షల లోపుంటే దీర్ఘకాల పన్ను పడదు నిజమే, కానీ అది పాప చదువు డబ్బు.

రెండేళ్లలో ఇలాంటి బండి ధర పెరిగిపోదా అంటారు. 350 సీసీ పైన కొత్త బైకుల మీద జీఎస్టీ 40 శాతం అయింది కాబట్టి పాతవాటికి గిరాకీ ఉందని అమ్మేవాళ్లు గట్టిగా చెబుతున్నారు. అందులో కొంత నిజం ఉంది. కానీ 2024 చివర్లో నింజా 1100ఎస్‌ఎక్స్ 13.49 లక్షల ఎక్స్‌షోరూం ధరకు మన దేశంలోకి వచ్చింది, 1000ఎస్‌ఎక్స్ పాత మోడల్ అయిపోయింది. 2021 బండి ఇంకో రెండేళ్లకు ఏడేళ్ల బండి అవుతుంది. అప్పటికీ మీ అంకెకు దొరక్కపోతే ఇంకా పాత నింజా 1000 చూడండి, ఇంజిన్ అదే 1043 సీసీ.

అప్పుడు తెలంగాణ రిజిస్ట్రేషన్ బండే వెతకండి, లైఫ్ ట్యాక్స్ బెడద ఉండదు. చూడటానికి వెళ్లినప్పుడు మొట్టమొదట వెనక టైరు దగ్గర కూర్చోండి. సైడ్‌వాల్ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. మీటర్ 18,000 చూపిస్తూ, 2021 టైరే ఇంకా ఉంటే ఆ మీటర్ గురించి గట్టిగా అడగాలి, ఎందుకంటే ఆ టైరు అన్ని కి.మీ. రావడం కష్టం. మార్చిన టైరైతే మార్చినప్పటి బిల్లు అడగండి. దాని మీద తేదీ, కి.మీ. రెండూ ఉంటాయి. సర్వీసు బిల్లుల మీది కి.మీ., ఈ టైరు బిల్లు మీది కి.మీ. ఒకే వరుసలో కలవాలి. బండి మీద లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్‌సీలో లోన్ పేరు తీసేయించే ఫారం) చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

మీ ఇంటర్‌సెప్టర్ అమ్మేటప్పుడు కూడా ఓనర్ మార్పు ఫారాలైన 29, 30 మీద సంతకాలు పెట్టి ఊరుకోకండి. ఆర్‌సీ కొన్నవాళ్ల పేరు మీదకు మారిందని కళ్లతో చూడండి. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వాళ్లే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

ఈలోపు పండగ సెలవులకు ఒక లీటర్ క్లాస్ (1000 సీసీ స్థాయి) బండి అద్దెకు తీసుకుని, భార్యను కూర్చోబెట్టుకుని శ్రీశైలం వెళ్లిరండి. నల్లమల అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, టైం చూసుకోండి. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీదకు బైకులను రానివ్వరు, బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీదకూ 2023 ఆగస్టు నుంచి రానివ్వడం లేదు. సిటీ దాటే దాకా ట్రాఫిక్‌లో ఆ ఇంజిన్ వేడి కాళ్లకు ఎలా తగులుతుందో, వెనక సీటు మీద ఆమెకు నడుము ఎలా ఉందో 210 కి.మీ.లో తెలిసిపోతుంది. ఆమె ఏమంటుందో విని ఆర్‌డీ మొదలుపెట్టండి.

ఆదివారం ఆగొద్దు, రేపే బెంగళూరుకు ఫోన్ చేయండి. ఇంట్లో లెక్క కుదరలేదు, టోకెన్‌లో మీకు న్యాయమనిపించింది ఉంచుకుని మిగతాది పంపండి అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన అసలు ఇవ్వనంటే ఆ 20,000 వదిలేయండి. ఈ లోన్ మీద మూడేళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే లక్ష దాటుతుంది.