జిమ్ముకి డబ్బులు కట్టావంట కదా

ఒరేయ్ చిన్నా,

జిమ్ములో చేరావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. కానీ ఇన్నేళ్ళు కుర్చీలోంచి లేవనోడివి మొదటిరోజే ట్రెడ్‌మిల్ ఎక్కి పరిగెత్తకురా నాయనా, అలవాటు లేని ఒళ్ళుతో ఒక్కసారిగా ఆయాసపడ్డప్పుడే గుండెకి ప్రమాదం ఎక్కువ. నలభై దాటావు, మీ నాన్నకి షుగరుంది, ముందు డాక్టర్ దగ్గరికెళ్ళి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకో.

నేను కండక్టర్ని కాబట్టి నాకు భలే నచ్చిన సంగతొకటి చెప్తా. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూశాడు, 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఒకే బస్సులో డ్యూటీ, కానీ రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, డ్యూటీలో 500 నుంచి 750 మెట్లెక్కే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువ, వచ్చినా లేటు వయసులో వచ్చేదంట. డ్రైవర్ల యూనిఫాం ప్యాంట్లు నడుము దగ్గర పెద్ద సైజువని కూడా 1956లో వాళ్ళే బయటపెట్టారు, అంటే ఒళ్ళులో కొంత తేడా ఉద్యోగంలో చేరేటప్పటికే ఉండుండొచ్చు. అయినా తర్వాతొచ్చిన స్టడీలు కూడా కదిలేవాళ్ళ వైపే మొగ్గాయి. సంతరోజు పల్లెవెలుగులో ముందు డోర్ నుంచి వెనక సీటుదాకా జనాన్ని తోసుకుంటూ టిక్కెట్లు కొట్టినోళ్ళకి ఇది ఒకరు చెప్పక్కర్లేదులే.

అందుకే నీకు జిమ్ముకంటే ముందు నడక. వారానికి 150 నుంచి 300 నిమిషాలు చాలంటోంది డబ్ల్యూహెచ్‌వో, ఒకేసారి కానక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కే. నడుస్తుంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ స్పీడు. ఆఫీసులో లిఫ్ట్ మానెయ్, కాల్స్ నిలబడి మాట్లాడు, తిన్నాక కాసేపు తిరుగు, కండలు పనిచేస్తే రక్తంలో చక్కెర వాటికి ఖర్చవుతుంది, బీపీ కూడా మెల్లగా దారికొస్తుంది. కొన్ని వారాలయ్యాక వారంలో 2 రోజులు బరువులు మొదలెట్టు. సిగరెట్ కాలుస్తూ నడుస్తున్నా కదా అంటే మాత్రం కుదరదు.

ఇంకోటి, మన ఇళ్ళల్లో ఛాతీ పట్టేసినా గ్యాసే అని సోడా తాగి పడుకుంటారు. ఛాతీలో బరువు, చెయ్యికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఊపిరాడకపోవడం, ఇవేవొచ్చినా ఆపేసి కూర్చో, 108కి కొట్టు, నువ్వు బండి నడుపుకుంటూ హాస్పిటల్‌కి పోకు. ఈ ముక్క మీ నాన్నకీ చదివి వినిపించు, ఆయన నా మాట ఎటూ వినడు.

మీ బాబాయ్