భుజం దగ్గర టెండన్ తెగితే ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నాకు 62 ఏళ్లండి. న్యుమోనియా తగ్గి ఇంటికొచ్చాక బకెట్ ఎత్తబోతే భుజంలో టప్పుమంది, ఇప్పుడు చెయ్యి మడిస్తే కండ ఉండలా కిందకి జారుతోంది. డాక్టరుగారేమో బైసెప్స్ టెండన్ (జబ్బ ముందు కండని ఎముకకి కట్టే తాడులాంటిది) తెగింది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. వదిలేయొచ్చా?

జవాబు: భుజం వైపు తెగితే చాలామందికి పర్లేదండి. అక్కడ ఈ కండకి రెండు మొదళ్లు, ఒకటి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది కాబట్టి నొప్పి కొన్ని వారాల్లో తగ్గిపోద్ది, స్క్రూడ్రైవర్ తిప్పేటప్పుడు మాత్రం బలం చాలనట్టుంటుంది, ఆ ఉండ కూడా పోదు. అదే మోచేయి దగ్గరైతే వేరే కథ, కుట్టించుకోవాలంటే రెండు మూడు వారాల్లోపే తేల్చుకోవాలి. ఇంతకీ న్యుమోనియాకి లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారా, పైగా స్టెరాయిడ్ కూడానా? 60 దాటినోళ్లకి ఈ జోడీతో టెండన్లు తెగే ప్రమాదం ఎక్కువని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే హెచ్చరించింది. పాత చీటీలు డాక్టరుగారికి చూపించండి, మడమ వెనక కూడా టెండన్ ఉంటుంది, అక్కడ నొప్పొస్తే వెంటనే చెప్పండి.