ఖాన్ అకాడమీలో టీచర్ అకౌంట్ తెరిచిన తమ్ముడికి

తమ్ముడూ,

ఖాన్ అకాడమీలో టీచర్ అకౌంట్ తెరిచానన్నావు, చాలా సంతోషం. అంతా ఉచితమంటున్నారు, ఎక్కడో మెలిక ఉంటుందేమోనని అడిగావు కదా. ఏ మెలికా లేదు, అది ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పే సైట్, సాల్ ఖాన్ 2008లో మొదలుపెట్టిన లాభాపేక్ష లేని సంస్థ, విరాళాల మీద నడుస్తుంది. పాఠాలకీ, అభ్యాసాలకీ, రిపోర్టులకీ నువ్వు పైసా కట్టక్కర్లేదు, ఆ టెన్షన్ వదిలెయ్.

క్లాసు తెరవగానే ఒక కోడ్ వస్తుంది, పిల్లలు దాంతో చేరతారు. ఈమెయిల్ లేని చిన్నవాళ్లకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ నువ్వే తయారుచేసి ఇవ్వొచ్చు. యూజర్‌నేమ్‌లో పూర్తి పేరు మాత్రం పెట్టకు. పాస్‌వర్డ్‌లు రాసి నీ దగ్గర భద్రంగా ఉంచుకో, వారం తిరక్కుండానే మర్చిపోయామంటూ వస్తారు.

అసలు నేను చెప్పాలనుకున్నది పిల్లలు ఎలా చేశారో చూపించే రిపోర్టు గురించి. చాలామంది అసైన్‌మెంట్ ఇచ్చి, ఎవరికెంత వచ్చిందో చూసి మూసేస్తారు. స్కోరు చూస్తే పిల్లవాడు తప్పాడని తెలుస్తుంది గానీ ఎందుకు తప్పాడో తెలియదు కదా! అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడు అందరికీ ఒకే ప్రశ్నలు ఇవ్వాలా, వేర్వేరుగా ఇవ్వాలా అని ఆ సైట్ అడుగుతుంది. మర్నాడు క్లాసులో చర్చించాలనుకుంటే ఒకే ప్రశ్నలు ఇవ్వు, అప్పుడు ఏ ప్రశ్న దగ్గర ఎక్కువమంది తడబడ్డారో రిపోర్టులో తేలిగ్గా దొరుకుతుంది. ఊరికే సాధన కోసమైతే వేర్వేరు ప్రశ్నలే మేలు, పక్కవాడి జవాబు చూసి రాసే బెడద ఉండదు.

ఉదాహరణకి 0.35, 0.4లలో ఏది పెద్దది అన్న ప్రశ్న తీసుకో. చాలామంది 0.35 అంటారు, ఎందుకంటే 4 కన్నా 35 పెద్దది కదా అని వాళ్ల లెక్క. అది అజాగ్రత్త కాదు, వాళ్లకి ఆ ఆలోచన సరైనదిగానే తోస్తుంది, అందుకే అలాంటివే ఇంకో ఇరవై లెక్కలిచ్చినా అదే తప్పు మళ్లీ చేస్తారు. ఆ రెండు సంఖ్యలూ బోర్డు మీద రాసి, జవాబు చెప్పకుండా, ఎలా ఆలోచించారో వాళ్లనే చెప్పమను, ఓపిగ్గా విను. తర్వాత 0.4 చివర ఒక సున్నా చేర్చి 0.40 చెయ్. 35 నూరో వంతులు, 40 నూరో వంతులు పక్కపక్కన కనిపిస్తే మిగతాది వాళ్లే చెప్తారు.

హింట్ వాడితే ఆ ప్రశ్న తప్పు కింద లెక్కవుతుంది, ఈ సంగతి పిల్లలకి ముందే చెప్పు, లేకపోతే వచ్చిన స్కోరు చూసి బాధపడతారు. అలాగని హింట్ ముట్టుకోవద్దని భయపెట్టకు, ఏమీ తోచనప్పుడు చూడమను, తర్వాత మళ్లీ చెయ్యమను. గడువు కూడా ఒక్కరోజు పెట్టకు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ చేతికొచ్చేది ఎప్పుడో పాపం. ఎవరు ఎన్ని నిమిషాలు చేశారన్న అంకె చూసి మెచ్చుకోవడం, తిట్టడం అస్సలు వద్దు, నెమ్మదిగా ఆలోచించే పిల్లలే అక్కడ ఎక్కువ నలిగిపోతారు.

ఏ అభ్యాసమైనా ముందు నువ్వు చేసి చూడు, జవాబు భిన్నంలో రాయాలా, దశాంశంలో రాయాలా తెలుస్తుంది.

మొదటి వారం ఒక్క అసైన్‌మెంటే ఇవ్వు. రిపోర్టు అర్థం కాకపోతే స్క్రీన్‌షాట్ పంపు, పిల్లల పేర్లు చెరిపేసి పంపు.

మీ అక్క