బరువు తగ్గాలంటే ఏ పెరుగు తినాలి?

బరువు తగ్గడానికి పెరుగు మానేయాలా, షాపులో దొరికే పండ్ల యోగర్ట్, గ్రీక్ యోగర్ట్‌లలో ఏది మేలు, రాత్రిపూట తింటే లావవుతామన్నది నిజమేనా అని అడిగారు. పెరుగు మానకండి. నేను 78 కిలోల నుంచి 71కి దిగింది రోజూ పెరుగు తింటూనే. రోజూ నడిచాను కూడా కాబట్టి ఘనతంతా పెరుగుకే ఇవ్వను.

ముందు నా పొరపాటు చెబుతాను. సాయంత్రం ఆకలేస్తే స్ట్రాబెర్రీ యోగర్ట్ కప్పు కొనుక్కునేవాణ్ణి. మూత మీద ‘లో ఫ్యాట్’ అని పెద్ద అక్షరాలు ఉండేవి, అది చూసి నిశ్చింతగా తినేవాణ్ణి. మూడు నెలలైనా బరువు కదలకపోయేసరికి ఒకరోజు కప్పు వెనక్కి తిప్పి చదివాను. పదార్థాల జాబితాలో పాల తర్వాతి పేరు చక్కెర! ఎక్కువ బరువున్నదాన్నే ముందు రాస్తారు. పండు పేరు ఎక్కడో కింద ఉంది. 100 గ్రాముల కప్పులో విడిగా కలిపిన చక్కెర 12 గ్రాములు, అంటే మూడు చెంచాలు. పాలలో సహజంగా ఉండే నాలుగైదు గ్రాముల చక్కెరతో పేచీ లేదు. మీరు చూడవలసింది ‘యాడెడ్ షుగర్స్’ అన్న వరుస. అక్కడ సున్నా లేకపోతే కప్పు తిరిగి పెట్టేయండి.

నా దృష్టిలో ఇంట్లో తోడువేసిన పెరుగును మించింది లేదు. పాల ప్యాకెట్ మాత్రం చూసి కొనండి. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. రోజుకు పావు లీటరు పెరుగు తినేవారు ఫుల్ క్రీమ్ నుంచి డబుల్ టోన్డ్‌కు మారితే సుమారు 100 క్యాలరీలు తగ్గుతాయి. పెరుగు పలుచగా ఉంటుందని మా ఇంట్లో మొదట సణిగారు. పాలు సన్నని సెగ మీద ఇంకాస్త మరగనిచ్చి, గోరువెచ్చగా అయ్యాక మట్టి ముంతలో తోడు వేశాం. ముంత కొంత నీరు పీల్చుకోవడంతో పొద్దున్నకు చెంచా నిలబడేంత గట్టిగా తోడుకుంది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

గ్రీక్ యోగర్ట్ అంటే నీరు వడకట్టిన పెరుగే. మాంసకృత్తులు మామూలు పెరుగులో 100 గ్రాములకు 3-4 గ్రాములుంటే ఇందులో 8-10 దాకా ఉంటాయి, అందుకే త్వరగా ఆకలి వేయదు. అంత ధర పెట్టనక్కర్లేదు. పెరుగును పలుచటి గుడ్డలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేయండి. దిగిన నీటిని పారబోయకుండా చపాతీ పిండిలో కలుపుకోండి. ఆ గట్టి పెరుగులో కీరా ముక్కలు, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పు వేసుకుంటే సాయంత్రం ఆకలికి సరిపోతుంది.

ఇక రాత్రి సంగతి. లావు చేసేది పెరుగు కాదు, దాని కింద ఉన్న అన్నం. పప్పు, కూర, చారు అన్నీ అయ్యాక ‘పెరుగన్నం తినకపోతే భోజనం చేసినట్టుండదు’ అని ఇంకో రెండు గరిటెల అన్నం పెట్టుకుంటాం, పక్కన నూనె తేలే ఆవకాయ. ఎన్నో ఏళ్లుగా నేనూ అలాగే తిన్నాను. ఇప్పుడు ఆ చివరి విడత అన్నం మానేసి, గిన్నెడు పెరుగు చెంచాతో తింటున్నాను. మొదటి వారం వెలితిగా అనిపించింది. రెండో వారానికి అలవాటైంది.